మనవాళ్ళంతా వచ్చేశారు

మీరే చేశారు. విహార ఓడల కంపెనీవాళ్ళూ, చల్లటి గదుల్లో కూర్చుని టూర్లు అమ్మే పెద్దమనుషులూ, వాళ్ళు వేలు చూపినచోటల్లా ముద్ర గుద్దే రేవు అధికారులూ, ఈ పని మీరే చేశారు. మీ ముప్ఫై ఆరుగురు ప్రయాణికుల్ని కొండ మీంచి దింపి మీ ఓడ ఎక్కించిన మనిషి మీద "ప్రయాణికులను ఆలస్యం చేసిన" నేరం మోపింది మీరే. ఇద్దరు ముసలివాళ్ళని కట్టుబట్టలతో గట్టు మీద వదిలేసి, ఆ పాపం ఆమె నెత్తిన రుద్దిందీ మీరే. జరిగింది జరిగినట్టు ఇదీ. అడ్డు తగలకుండా వినండి.

ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఓడ గట్టుకి ఆనింది. అప్పటికే వ్యానక్క పసుపు గీత దగ్గర నిలబడి ఉంది. ఆమె అసలు పేరు రేవులో ఎవరికీ పట్టదు, అందరికీ వ్యానక్కే. తొమ్మిది సీట్ల తెల్ల వ్యాను, ఖాకీ చొక్కా, ఆ చొక్కా జేబుకి రేవు ఆఫీసు ఇచ్చిన బ్యాడ్జి. ఆ బ్యాడ్జి ఉంటేనే గేటు బయట గీత దగ్గర నిలబడి సవారీలు పిలవనిస్తారు. అది ఊడిందంటే వ్యాను ఇంట్లో పెట్టుకుని తుడుచుకుంటూ కూర్చోవడమే.

గీత ఎక్కడుందనుకున్నారు? ఓడ మెట్ల దగ్గర కాదు. అక్కడ కంపెనీ బస్సులు ముక్కులు ఓడవైపు పెట్టి నిలబడతాయి. ఓడవాళ్ళ టూరు కొన్నవాళ్ళు మెట్లు దిగి, గుండె మీద గుండ్రటి స్టిక్కరు అంటించుకుని, ఆరడుగులు వేసి బస్సెక్కుతారు. సొంతంగా ఊరు చూద్దామనుకున్నవాళ్ళు మాత్రం ఇనప డబ్బాల వరసల మధ్య, నెత్తిన ఎండతో, అర కిలోమీటరు నడిచి గేటు దాటి రావాలి. ఆ నడిచేవాళ్ళ చెవుల్లో పడేట్టు ఓడ మీది మైకు మోగుతూనే ఉంటుంది. "బయటి వాహనాలు క్షేమకరం కావు. మా టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. బయటి వాహనం ఆలస్యమైతే ఓడ ఆగదు."

"విన్నావా వ్యానక్కా, మనం మనుషుల్ని మింగేస్తామట," అన్నాడు పక్క వ్యాను బక్క డ్రైవరు.

"నిన్ను చూస్తే నమ్మరులే. మింగినా వంటికి పట్టినట్టు లేదు," అంది ఆమె, బొటనవేలితో టైరు నొక్కి చూసుకుంటూ.

ఆ ఎండలో నడిచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. అక్క టోపీ కింద కళ్ళు చిట్లించి వ్యానుని ఎగాదిగా చూసింది. చెల్లెలు అప్పటికే తలుపు మీద చెయ్యి వేసింది.

"ఏమే, మైకులో చెప్పింది వినలేదూ? పద, వెనక్కి పోయి ఓడవాళ్ళ బస్సే ఎక్కుదాం," అంది పెద్దావిడ.

"నిన్న రేవులో ఆ బస్సే ఎక్కాంగా అక్కా. ఏం చూశాం? గంటసేపు గవ్వల దుకాణం చూశాం. ఇంటికెళ్ళి ఊరు ఎలా ఉందంటే గవ్వల్లా ఉందని చెప్పమంటావా?"

"ఓడ తప్పితే ఎవరు దిక్కు?"

వ్యానక్క మధ్యలోకి వచ్చింది. "పెద్దమ్మగారూ, ఓడ గట్టు వదిలేది అయిదింటికి. ఎక్కాల్సింది నాలుగున్నరకి. నేను నాలుక్కే మిమ్మల్ని గేటు దగ్గర దింపుతాను. ఇన్నేళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నా వల్ల ఓడ తప్పలేదు. కావాలంటే ఈ బక్కాయన్ని అడగండి, నేనంటే వీడికి పడదు."

"నిజమేనమ్మా," అన్నాడు బక్క డ్రైవరు మొహం మాడ్చుకుని.

పెద్దావిడ నవ్వలేదు గాని ఎక్కింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఆ రోజు వాళ్ళు ఉప్పుమళ్ళు చూశారు. తాళ్ళు పేనే షెడ్డు చూశారు. అక్కడ పెద్దావిడ సంచి కింద పెట్టి, పురి వేసే మనిషి చేతిలోంచి పోగు అందుకుని, అడుగు అడుగు వెనక్కి వేస్తూ తనూ పేనింది. జీవితమంతా కుట్టుమిషను తొక్కిన చేతులట, దారం కనపడితే ఊరుకోవట. మధ్యాహ్నానికి దీపస్తంభం ఎక్కారు. మూడుంబావుకి కొండ దిగడం మొదలుపెట్టారు. అంతా లెక్క ప్రకారమే ఉంది.

మూడో మలుపులో కంపెనీ బస్సు అడ్డంగా ఆగి ఉంది.

మలుపు ఇంకా కనపడకముందే వ్యానక్క ముక్కుకి క్లచ్చు మాడిన వాసన తగిలింది. వ్యాను ఆపి, హ్యాండు బ్రేకు లాగి, దిగి చక్రానికి రాయి పెట్టింది. దారి పక్క రాళ్ళ మీద, బస్సు నీడలో, స్టిక్కర్లు అంటించుకున్న ముప్ఫై ఆరుగురు వాడిపోయి కూర్చుని ఉన్నారు. బస్సు డ్రైవరు కిందకి దూరి పైకి రావడం లేదు. బస్సుకీ బండరాయికీ మధ్య వ్యాను పట్టేంత సందు ఉంది. అది చూసి ఊపిరి పీల్చుకుంది.

"వదినా!"

పరుగెత్తుకొచ్చినవాడు ఆమె మరిది. సొంత చెల్లెలి మొగుడు. రెండేళ్ళుగా కంపెనీ బస్సులో గైడు. మెడకి టై, చేతిలో పేర్ల జాబితా బిగించిన అట్ట. పొద్దున్న గేటు దగ్గర ఎదురుపడితే వదినని ఎరగనట్టు పోయే మనిషి. బయటివాళ్ళతో మాట్లాడటం కంపెనీవాళ్ళకి నచ్చదట.

"ఇప్పుడు గుర్తొచ్చానా మరిదిగారూ?"

"తర్వాత తిట్టు వదినా. ఇంకో బస్సు రావాలంటే గంట పైన పడుతుందట. ఏజెంటు ఫోనులో నా తల తినేస్తున్నాడు. వీళ్ళని దింపిపెట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా సవారీ ఇద్దరున్నారు. ముందు వాళ్ళు."

అప్పుడే రాళ్ళ మీదినుంచి ఒకాయన లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు. ఒక కాలికి కట్టు, చంకలో కర్ర, పక్కన భార్య. ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది. పెద్దావిడ వ్యాను కిటికీలోంచి అది చూసింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని కిందికి దిగింది.

"ఆయన్ని ఎక్కించమ్మా ముందు. మేం నీడలో కూర్చుంటాం."

"వద్దు పెద్దమ్మగారూ. మీరు ఎక్కండి, మిగతావాళ్ళని ఇరికిస్తాను."

"ఎంతమందిని ఇరికిస్తావు? ఆయన కాలు చాపుకోవద్దూ?"

మరిది అట్ట గుండెకి ఆనించుకుని ముందుకొచ్చాడు. "అమ్మా, మీకేం భయం లేదు. నేనున్నానుగా. మా జనం దిగేదాకా ఓడ ఎలాగూ ఆగుతుంది. మీరొచ్చేదాకా మెట్లు ఎత్తనివ్వను. ఇది నా మాట."

తొమ్మిది సీట్లలో పన్నెండు మందిని కూరింది వ్యానక్క. కర్రాయన కాలు ముందు సీటు మీదికి చాపించింది. దిగడానికి పావుగంట, ఖాళీ వ్యానుతో ఎక్కి రావడానికి ఇరవై నిమిషాలు. గేటు దగ్గర ఇంకో వ్యాను దొరుకుతుందేమోనని చూసింది. ఒక్కటీ లేదు, అంతా సవారీల మీద ఉన్నారు. రెండో విడత పన్నెండు మంది. మూడో విడత పైకి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. ఇంజను వేడి చూపే సూది ఎర్ర గీత దగ్గర ఊగుతోంది. "ఈసారి మీరు ఎక్కాల్సిందే," అని ఆమె పెద్దావిడ రెక్క పట్టుకుంది. స్టిక్కర్లవాళ్ళు అప్పటికే తలుపు దగ్గర తోసుకుంటున్నారు. మరిది జాబితా చూస్తూ పేర్లు పిలుస్తున్నాడు. జాబితాలో ఉన్నవాళ్ళే ఎక్కారు. చివర తనూ ఎక్కి తలుపు లాగాడు.

"వాళ్ళిద్దరూ?" అంది వ్యానక్క.

"చెప్పానుగా వదినా, నేను ఆపిస్తాను. నువ్వు పోనీ!"

నాలుగూ యాభైకి వాళ్ళని దింపింది. గేటు కాపలావాడు ఓడవాళ్ళ జనమని చూసి, మొదటిసారి ఆమె వ్యానుని పసుపు గీత దాటించి ఓడ మెట్ల దాకా పోనిచ్చాడు. వెనక్కి తిప్పి, మళ్ళీ కొండెక్కి, అక్కచెల్లెళ్ళని ఎక్కించుకుని, మలుపుల్లో బ్రేకు వాసన వచ్చేలా దింపింది. పెద్దావిడ సంచి మీద చేతులు బిగించుకుని కూర్చుంది.

అయిదూ ఇరవై అయిదుకి గట్టు మీద ఓడ లేదు.

నీళ్ళ మీద తెల్లటి నురగ దారి ఉంది. దాని చివర, రేవు నోటి దగ్గర, ఓడ వెనక భాగం కనపడుతోంది. గట్టు మీద ఒక కూలీ మోకు చుట్ట చుడుతున్నాడు.

"ఆగలేదేం?" అని అరిచింది వ్యానక్క.

"ఎందుకాగుతుందక్కా? పైనుంచి 'మనవాళ్ళంతా వచ్చేశారా?' అని అడిగారు. మీ మరిదిగారు జాబితా చూసుకుని 'మనవాళ్ళంతా వచ్చేశారు' అన్నారు. టక్కున మెట్లు లేపేశారు."

చిన్నావిడ గట్టు అంచున కూర్చుండిపోయింది. పెద్దావిడ నిలబడే ఉంది. మెల్లగా అడిగింది, "నా బీపీ మాత్రలు గదిలో, సబ్బుపెట్టె పక్కన ఉన్నాయి. ఇక్కడ మందుల షాపు ఎక్కడమ్మా?"

వ్యానక్క వ్యాను తలుపు తీసి, షాపుకి తనే తీసుకుపోతానంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్ళిద్దరినీ తన ఇంటికే తీసుకుపోయింది. ఒక గది, ఒక వంటిల్లు. మంచం వాళ్ళకిచ్చి, తను వ్యానులో వెనక సీటు వాల్చుకుని పడుకుంది. ఓడ మూడో రోజున ఇంకో రేవులో ఆగుతుంది. రైలెక్కితే అందుకోవచ్చు. మర్నాడు పొద్దున్నే చిన్నావిడ టైములు కనుక్కోడానికి స్టేషనుకి పోయింది. పెద్దావిడ ఊరికే కూర్చోలేక, సూదీదారం అడిగి తీసుకుని, వ్యానులో చిరిగిన సీటు కవరు ఒళ్ళో వేసుకుని కుడుతోంది. అప్పుడు రేవు ఆఫీసు బంట్రోతు నోటీసు పట్టుకొచ్చాడు.

వ్యానక్క పైకే చదివింది. "మీ వాహనంలో ప్రయాణించిన ఇద్దరు ప్రయాణికులు మీ నిర్లక్ష్యం, ఆలస్యం కారణంగా ఓడ తప్పినట్లు కంపెనీవారు ఫిర్యాదు చేసినందున, మీ బ్యాడ్జి ఎందుకు రద్దు చేయరాదో రేపు పదకొండు గంటలకు హాజరై సంజాయిషీ ఇచ్చుకోవలెను."

"ఇచ్చుకోవలెనట," అంది. "ఇమ్మని కూడా కాదు, ఇచ్చుకోవలెనట!"

పెద్దావిడ దారం పళ్ళతో తెంపింది. "ఆ ముప్ఫై ఆరుగురి సంగతి ఎక్కడా లేదా?"

"లేదు."

మధ్యాహ్నం కంపెనీ ఏజెంటే వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. గుమ్మంలో నిలబడి లోపల ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే మాట్లాడాడు. కంపెనీ ఎంతో విచారిస్తోందట. మానవత్వంతో ఇద్దరికీ రైలు టికెట్లు, తర్వాతి రేవు దాకా కారు ఇస్తుందట. ఒక్క సంతకం చాలునట. కాగితం ముందే టైపు చేసి తెచ్చాడు. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని, వేలితో వరస వరస తడుముతూ చదివింది.

"బయటి వాహనం ఆలస్యం వల్ల, మా స్వంత బాధ్యతపై వెళ్ళినందువల్ల... ఇదేమిటి బాబూ? మేం ఆలస్యమైంది మీ బస్సు చెడిపోయినందువల్ల కదా?"

"అది వేరే విషయమండీ. మీరు ఆ టూరులో లేరు కదా."

"లేం. ఆ టూరులోవాళ్ళకి మా సీట్లిచ్చాం."

"అది మీ మంచితనం. దానికి కంపెనీ బాధ్యత వహించదు."

పెద్దావిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. కుట్టుపని చేసేవాళ్ళు గుడ్డ మడిచినట్టు, అంచుకి అంచు సరిగ్గా కలిపి, గోటితో నొక్కి అతని చేతిలో పెట్టింది. "నేను జన్మలో రూలు తప్పలేదు నాయనా. నిన్న పొద్దున్న కూడా మీ బస్సే ఎక్కుదామన్నాను, మా చెల్లెలు సాక్షి. అందుకే దీని మీద సంతకం పెట్టను. వెళ్ళిరా."

సాయంత్రం, దీపాలు ఇంకా వెలగకముందే, వ్యానక్క చెల్లెలు వచ్చింది. గుమ్మంలోనే చతికిలబడింది.

"అక్కా, ఆయన అన్నం ముట్టలేదు."

"ఓడ తప్పింది ఆయనకా?"

"ఆ మాట ఆయన కావాలని అనలేదే. రోజూ అనేదే. పైనుంచి ఆ ప్రశ్న అడుగుతారు, కింద నుంచి ఆ జవాబు చెబుతారు. నోటికి అలవాటైపోయింది. అన్న తర్వాత గుర్తొచ్చి అరిచాడట. అప్పటికే మెట్లు పైన ఉన్నాయట. రేపు ఆయన పేరు ఎత్తకే. ఆయన పని పోతే నా పిల్లల్ని నేనేం చేసుకోను?"

"నా బ్యాడ్జి పోతే నన్ను నేనేం చేసుకోను?"

చెల్లెలు కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చిన్నప్పుడు దెబ్బలు తినే ముందు కూడా అలాగే చేసేది. వ్యానక్క మొహం తిప్పుకుంది. పోతూ పోతూ చెల్లెలు, "నీ ఇష్టం అక్కా," అంది. ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

పదకొండింటికి రమ్మన్నవాళ్ళు పన్నెండున్నర దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. అక్కచెల్లెళ్ళ రైలు మూడింటికి. పెద్దావిడ వెంట వస్తానంటే బంట్రోతు తలుపు దగ్గర ఆపాడు. "ప్రయాణికులకి ప్రవేశం లేదు." లోపల బల్ల వెనక రేవు అధికారి, పక్క కుర్చీలో ఏజెంటు. గోడకి ఆనుకుని, టై కట్టుకుని, మరిది. వ్యానక్కకి కుర్చీ లేదు.

అధికారి ఫైలు తిప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "సంజాయిషీ తెచ్చావా?"

"నోటితో చెబుతాను సార్." చెప్పింది. మలుపు, బస్సు, మూడు విడతలు, టైములన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "ఇద్దరి కోసం ఓడ ఆపిస్తామని మాటిచ్చారు. ఆపలేదు. మనవాళ్ళంతా వచ్చేశారని చెప్పి మెట్లు ఎత్తించేశారు."

"ఎవరు మాటిచ్చింది? ఎవరు చెప్పింది?"

ఆమె చూపు ఫైలు మీదికి దించుకుంది.

అధికారి ఇప్పుడు తల ఎత్తాడు. కుర్చీలో ముందుకి జరిగాడు. గొంతు మెత్తబడింది. "చూడమ్మా, ఎవరో ఒకరి తప్పు ఉండాలి కదా. ఫిర్యాదు వచ్చాక ఫైలు ఖాళీగా మూయలేను. నీది కాదంటే ఎవరిదో పేరు చెప్పు. నీ నోటీసు కొట్టేసి వాళ్ళకి రాస్తాను. ఒక్క పేరు. నీ బ్యాడ్జి నీకే ఉంటుంది."

ఏజెంటు అభ్యంతరం చెప్పలేదు. అదీ చూడండి! ఒక గైడు పోయినా అతనికి చీమ కుట్టినట్టు లేదు. గోళ్ళు చూసుకుంటున్నాడు.

వ్యానక్క మరిదివైపు చూసింది. రెండు రోజులుగా ఆ మొహం మీద అనాలనుకున్న మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. మోసగాడా, ఊడిగగాడా అని చూసింది. ఆ గోడకి ఆనుకుని నిలబడ్డవాడికి కూడా ఎవరూ కుర్చీ వెయ్యలేదని అప్పుడు కనపడింది ఆమెకి.

"పేరు చెప్పను," అంది.

"అయితే సంతకం పెట్టి బ్యాడ్జి బల్ల మీద పెట్టు."

"నేనే సార్," అన్నాడు మరిది.

ఏజెంటు గోళ్ళు వదిలేసి తిరిగి చూశాడు.

"మాటిచ్చింది నేనే. మనవాళ్ళంతా వచ్చేశారన్నదీ నేనే. వదిన తప్పు ఇసుమంత లేదు. కానీ సార్, ఆ మాట నేను పుట్టించింది కాదు." జేబులోంచి చిన్న అట్టముక్క తీశాడు. గైడులందరికీ కంపెనీ ఇచ్చే కార్డు. చెమటకి మూలలు మెత్తబడి ఉన్నాయి. పైకి చదివాడు. "ఓడ మెట్లు ఎత్తుటకు ముందు మన టూరు ప్రయాణికులను మాత్రమే లెక్కించవలెను. స్టిక్కరు లేనివారి విషయం ఓడ సిబ్బందితో ప్రస్తావించరాదు. ప్రస్తావించిన గైడు తొలగించబడును." కార్డు బల్ల మీద పెట్టాడు. "స్టిక్కరు లేనివాళ్ళు ఒకరిద్దరు తప్పిపోతే, మర్నాడు మైకులో చెప్పడానికి బాగుంటుందని ట్రైనింగులో నవ్వుతూ చెప్పారు సార్. నేనూ నవ్వాను."



"అది కంపెనీ అంతర్గత పత్రం," అన్నాడు ఏజెంటు, కార్డు మీదికి చెయ్యి చాపుతూ. "ఈ విచారణకి సంబంధం లేదు."

అధికారి కూడా తల ఊపాడు. వేలి చివరతో ఆ కార్డుని ఏజెంటువైపు నెట్టాడు, బల్ల మీద పడ్డ ఎంగిలి మెతుకుని నెట్టినట్టు. "సంబంధం లేదు. గైడు ఒప్పుకున్నాడు గనక అతనికో నోటీసు. ప్రయాణికులు నీ వాహనంలో ఎక్కినవాళ్ళే గనక నీ నోటీసు అలాగే ఉంటుంది. ఇద్దరూ సంతకాలు పెట్టండి."

చూశారా న్యాయం! ఒక్క తప్పుకి ఇద్దరు దొరికారు. చేయించినవాడు మాత్రం కుర్చీలో ఉన్నాడు.

వ్యానక్క అరచెయ్యి చాచి కార్డు మీద వేసింది. ఏజెంటు వేళ్ళు ఆమె వేళ్ళకి తగిలి వెనక్కి పోయాయి. తెరిచి ఉన్న తలుపులోంచి పెద్దావిడ బంట్రోతుని పక్కకి తోసి లోపలికి వచ్చింది. చిన్నావిడ ఆమె వెనకే ఉంది. ఎవరూ పిలవలేదు. వచ్చి వ్యానక్క పక్కన, మరిది పక్కన నిలబడ్డారు.

"రైలుకి టైమవుతుంది పెద్దమ్మగారూ," అంది వ్యానక్క, కార్డు మీంచి చెయ్యి తియ్యకుండా.

"రేపూ ఉంటుంది రైలు," అంది పెద్దావిడ.

అధికారి కుర్చీ వెనక్కి జరిపాడు. "ఏమిటిది? గుంపుగా వచ్చి బెదిరిస్తున్నారా? సంజాయిషీ ఇస్తారా ఇవ్వరా?"

"ఇవ్వను సార్. నేనివ్వను, మా మరిదీ ఇవ్వడు," అంది వ్యానక్క. ఆమె గొంతు ఎత్తలేదు. కొండ మలుపులో బండిని రెండో గేరులోకి దించినట్టు, మాటమాటా కుదురుగా దించింది. "ఈ కార్డు ఇప్పుడే మీ ఫైల్లో పెట్టండి. నెంబరు వెయ్యండి. మా ఇద్దరి నోటీసులూ మా కళ్ళముందు కొట్టెయ్యండి. ఇది రాసినవాడెవడో వాడి పేర నోటీసు రాయండి. రేపటినుంచి మెట్లు ఎత్తే ముందు ఓడ దిగిన ప్రతి మనిషినీ లెక్కపెట్టి తీరాలని అందులోనే రాయండి. కలం మీ చేతిలోనే ఉంది. రాయండి సార్. మేం నలుగురం ఇక్కడే నిలబడతాం, రాయండి."